రోబో చేతికి అనుమానించడం నేర్పుతున్నాం: మా ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

వారం 1

అసలు ఎందుకు మొదలుపెట్టామో ముందు రాసి పెట్టుకుంటున్నాను, రేపు పని ముదిరాక మోటార్లు, సెన్సర్ల మధ్య ఇది మర్చిపోకూడదు.

విజయవాడలో ఒక మధ్యస్థాయి ఆసుపత్రి ల్యాబ్‌లో నేను బయోమెడికల్ ఇంజినీర్‌ని. పోయిన ఏడాది మా ఎలైజా (రక్తంలోని యాంటీబాడీల్ని రంగు మార్పుతో కొలిచే పరీక్ష) బెంచీ మీద ఒక తప్పు జరిగింది. కీళ్లవాతం అనుమానం ఉన్నవాళ్లకి చేసే యాంటీ సీసీపీ టెస్టు అది, ఆ రోజు డెబ్బైకి పైగా శాంపిల్స్. చేత్తో పైపెట్ చేస్తున్న (ద్రవాన్ని కొలిచి పీల్చి ప్లేటులో పోస్తున్న) మనిషికి మధ్యలో క్యాజువాల్టీ నుంచి ఫోన్ వచ్చింది, మాట్లాడి వచ్చి ఒక వెల్ (ప్లేటులోని 96 చిన్న గడుల్లో ఒకటి) వదిలేసి దాని పక్క వెల్ నుంచి మొదలుపెట్టారు. అక్కడి నుంచి చివరిదాకా ప్రతి శాంపిల్ ఒక గడి పక్కకి జరిగిపోయింది. వేళ్లు వంకర్లు పోయి గ్లాసు కూడా పట్టుకోలేని ఒక పెద్దావిడకి నెగెటివ్ అని రిపోర్టు వెళ్లింది. ఆవిడ డాక్టరు గారు ఫోన్ చేసి "ఇది ఈవిడ రిపోర్టు కాదు, ఇంకోసారి చూడండి" అన్నారు కాబట్టి బయటపడింది. ఆయన ఫోన్ చెయ్యకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

తప్పు ఎవరిదని మేడం గారు (మా ల్యాబ్ హెడ్) వెతకలేదు. రోజుకి అన్నిసార్లు బొటనవేలితో ప్లంజర్ నొక్కే మనిషి ఎప్పుడో ఒకసారి గడి తప్పకుండా ఉండడం సాధ్యం కాదు. "పని తీరు మారుద్దాం" అన్నారు. మూతపడిన ఒక స్టార్టప్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఒక డెస్క్‌టాప్ లిక్విడ్ హ్యాండ్లర్ (ద్రవాల్ని కొలిచి పోసే రోబో) దొరికింది. టేబుల్ మీద పట్టే పెట్టె, లోపల పైన అటూ ఇటూ తిరిగే చెయ్యి, ఆ చేతికి రెండు పైపెట్లు: ఒకటి 20 మైక్రోలీటర్ల సింగిల్ ఛానల్, ఇంకొకటి 300 మైక్రోలీటర్ల 8 ఛానళ్లది (ఒకేసారి ఎనిమిది వెల్స్‌లో పోసేది). పైథాన్‌లో ప్రోగ్రాం రాసుకోవచ్చు.

ఇది పరిశోధనకి మాత్రమే అని అమ్మే మెషిన్. కాబట్టి మొదటి రోజే మేడం గారు, నేను ఒక మాట అనుకుని రిజిస్టర్‌లో సంతకాలు పెట్టాం: ప్రతి దశా రుజువయ్యేదాకా దీని మీద వచ్చిన ఒక్క అంకె కూడా పేషెంట్ రిపోర్టులోకి వెళ్లదు. మెడికల్ ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15189:2022 కూడా అదే అడుగుతుంది, ఏ పద్ధతినైనా వాడకముందు మన ల్యాబ్‌లో, మన చేతుల్లో అది పనిచేస్తుందని మనమే చూపించాలి.

వారం 1, శనివారం

పెట్టె తెరిచి చూస్తే మొదటి భయం అక్కడే ఉంది. ముందు తలుపుకి ఒక చిన్న స్విచ్ ఉంది, తలుపు తెరిస్తే చెయ్యి ఆగాలి. మా చేతికొచ్చేసరికి సెట్టింగ్స్‌లో అది ఆపేసి ఉంది. పాతవాళ్లు విసుగొచ్చి ఆపేసి ఉంటారు. రన్ మధ్యలో టిప్పు (పైపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ గొట్టం) సరిచేద్దామని ఎవరైనా చెయ్యి పెడితే, రక్తం అంటిన టిప్పుతో వచ్చే చేతికి ఆ వేళ్లు కనిపించవు. స్విచ్ ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ మార్చలేకుండా తాళం వేశాను.

దాంతో పాటు మోటార్ల కరెంటు నేరుగా కట్ చేసే ఎర్ర బటన్ ఒకటి బిగించాను, నొక్కితే నొక్కినట్టే ఉండిపోయి తిప్పితే గానీ పైకి రానిది. బిగించి పరీక్షిస్తే ఇంకో సంగతి తెలిసింది: కరెంటు పోగానే పైపెట్ తన బరువుకి మెల్లగా కిందికి జారింది, ఒక నాలుగు సెంటీమీటర్లు. కింద ట్యూబు ఉంటే టిప్పు లోపలికి దిగి ఒంగిపోతుంది. అంటే ఆపద వచ్చిందని నొక్కే బటనే ఇంకో ఆపద తెచ్చిపెడుతోంది. నిలువుగా కదిలే భాగానికి బ్రేకు ఉండాలి, ఇందులో లేదు. రెండు రోజులు కష్టపడి పైన ఒక చుట్ట స్ప్రింగ్ బిగించాక ఎక్కడిది అక్కడే నిలబడింది. ఇరవైసార్లు కట్ చేసి చూశాను.

కరెంటు సంగతి మాకు వేసవిలో మామూలే. యూపీఎస్ పెట్టాం, అయినా రన్ మధ్యలో మెషిన్ రీస్టార్ట్ అయితే ఏం చెయ్యాలో ముందే తేల్చుకున్నాం: ఆగిన చోటు నుంచి కొనసాగించడం ఉండదు. ప్రతి కదలికకి ముందు ఒక లైను, అయ్యాక ఒక లైను ఫైల్లో రాసేలా ప్రోగ్రాం పెట్టాను. "తీసుకోబోతున్నా" అని ఉండి "తీసుకున్నా" అని లేకపోతే ఆ ప్లేటు పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టాలి. ఒక ప్లేటు పోతే డబ్బు పోతుంది, అంతే కదా.

వారం 2

నీళ్లతో పరీక్షలు. ఇలాంటి మెషిన్లు వదిలే కొలతలు ఎలా పరీక్షించాలో చెప్పడానికి 2022లో ఐఎస్‌ఓ 23783 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణమే వచ్చింది. చేతి పైపెట్లకి మనం ఎప్పటినుంచో వాడే ఐఎస్‌ఓ 8655లో 20 మైక్రోలీటర్ల పైపెట్‌కి సగటు తేడా 0.2 మైక్రోలీటర్లు దాటకూడదు, పోల్చుకోడానికి అది కూడా పక్కన పెట్టుకున్నాను.

మా కిట్‌లో సీరంని (రక్తం గడ్డకట్టాక విడిపోయే ద్రవం) 1:101 డైల్యూట్ చెయ్యాలి, అంటే 10 మైక్రోలీటర్ల సీరంకి 1000 మైక్రోలీటర్ల బఫర్ (పలచన చేసే ద్రవం). ప్రాణమంతా ఆ 10 మైక్రోలీటర్లలో ఉంది. అంత చిన్న బొట్టుని ఒక్కొక్కటిగా తూచాలంటే ఐదు దశాంశాల త్రాసు కావాలి, మా దగ్గర నాలుగు దశాంశాలదే ఉంది. అందుకని రెండు దారులు పట్టాను. సగటు కోసం ఒక చిన్న వయల్లోకి పదిసార్లు వదిలి మొత్తం తూచడం. ఒక వదలడానికీ ఇంకో వదలడానికీ ఎంత తేడా ఉందో చూడ్డానికి రంగు నీళ్లు.

రంగుకి టార్ట్రజీన్ వాడాను. మిఠాయి కొట్టులో జిలేబీకి, బూందీకి పసుపు రంగు తెప్పించడానికి వేసేది అదే (ఇది ల్యాబ్ గ్రేడ్‌ది లెండి). మా ఎలైజా రీడర్‌లో 405 నానోమీటర్ల ఫిల్టర్ దీన్ని బాగానే చూస్తుంది. ప్లేటు నిండా ఒకే కొలత వదిలి రీడర్‌లో పెడితే ఏ వెల్‌లో ఎక్కువ పడింది, ఏ వెల్‌లో తక్కువ పడింది అన్నది రంగే చెప్పేస్తుంది.

తూకంలో ఆవిరి ఒక తలనొప్పి. పదిసార్లు వదిలేలోపు కొంత నీరు గాల్లో కలిసిపోతుంది, అందుకని పక్కనే అంతే నీరున్న ఇంకో వయల్ మూత తీసి ఉంచి అది ఎంత తగ్గిందో చూసి కలిపాను. తూకం 98.7 మిల్లీగ్రాములు, ఆవిరి 0.5, మొత్తం 99.2. గది 25 డిగ్రీలు, ఆ వేడికి మిల్లీగ్రాముని మైక్రోలీటరుగా మార్చే అంకె 1.0040. అంటే 99.6 మైక్రోలీటర్లు. వందకి 0.4 తక్కువ, చాలా బాగుంది. రంగు పరీక్షలో వెల్‌కీ వెల్‌కీ తేడా కూడా ఒక శాతం లోపే. ఆ రోజు అందరికీ టీ చెప్పాను.

వారం 3, బుధవారం

ఇవాళ్టిది కొంచెం పెద్దగా రాస్తాను.

నీళ్లతో బాగుంది కదా అని సీరంతో చేశాం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ మూడూ నెగెటివ్ వచ్చిన మిగులు సీరం అంతా కలిపి ఒక పూల్ చేసుకున్నాం. అదే వయల్, అదే పదిసార్లు. ఆవిరి కలుపుకుని 99.0 మిల్లీగ్రాములు. అదే 1.0040తో గుణించాను, 99.4 వచ్చింది. నీళ్లకీ సీరంకీ పెద్ద తేడా లేదని రిజిస్టర్‌లో రాసేశాను కూడా.

మా సీనియర్ టెక్నీషియన్ ఒకావిడ ఉన్నారు, ఇరవై రెండేళ్ల సర్వీసు, ల్యాబ్ మొత్తం అక్కా అనే పిలుస్తాం. ఆవిడ పక్కన నిలబడి టిప్పుల్లోకి సీరం ఎక్కడం చూస్తున్నారు. నేను అంకెలు చూస్తున్నాను, ఆవిడ టిప్పులే చూస్తున్నారు.

"తమ్ముడూ, నీళ్లప్పుడు ఎంతదాకా వచ్చిందో ఇప్పుడు అంతదాకా రావట్లేదు. తక్కువ తీస్తోంది ఇది."

"తూకం సరిగ్గానే ఉందక్కా."

"తూకం సంగతి నాకు తెలీదు. మట్టం మాత్రం తక్కువుంది, నువ్వే వంగి చూడు."

వంగి చూశాను. వెంట్రుకవాసి తేడా, కానీ ప్రతి టిప్పులోనూ ఉంది. ఒక నిమిషం అలాగే నిలబడిపోయాను, అప్పుడు వెలిగింది. సీరం నీళ్లకంటే బరువు. మా పూల్‌ని 10 మిల్లీలీటర్ల వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో పోసి తూస్తే 10.24 గ్రాములు. నేనేమో నీళ్ల అంకెతో గుణించాను. సీరం సాంద్రతతో లెక్కవేస్తే ఆ 99.0 మిల్లీగ్రాములు 96.7 మైక్రోలీటర్లే అవుతాయి. అంటే 3.3 శాతం తక్కువ తీస్తోంది, ఎక్కువ బరువున్న ద్రవం ఆ తరుగుని త్రాసు మీద కప్పేసింది. రెండు తప్పులు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి అంకెని అందంగా చూపించాయి.

కారణం తెలిశాక మార్గం కష్టం కాలేదు. సీరం చిక్కన, నీళ్లంత చురుగ్గా టిప్పులోకి ఎక్కదు, చెయ్యి తొందరగా పైకి లేచిపోతే ఎక్కాల్సింది ఇంకా కిందే ఉండిపోతుంది. పీల్చే వేగం సగానికి తగ్గించాను, పీల్చాక ఒక సెకను ఆగమన్నాను, ముందు ఒకసారి పీల్చి వదిలి టిప్పు లోపలి గోడని తడిపించాను. మళ్ళీ తూస్తే 99.3 మైక్రోలీటర్లు, ఈసారి సరైన సాంద్రతతో. ఎలైజాలో మామూలుగా వచ్చే తేడాల ముందు మూడు శాతం గొప్ప సంగతేం కాదు అని ఎవరైనా అనొచ్చు. కానీ ఇది ఎప్పుడూ ఒకే వైపుకి లాగే తప్పు, ప్రతి పేషెంటుకీ తగ్గించే చూపిస్తుంది, కటాఫ్ (పాజిటివ్‌నీ నెగెటివ్‌నీ విడదీసే హద్దు అంకె) పక్కనే ఉన్న మనిషిని ఎప్పుడూ నెగెటివ్ వైపుకే తోస్తుంది.

అక్క కళ్లు ఆ రోజు అక్కడ లేకపోతే నా సంతకంతో తప్పు లెక్క ఆమోదం పొందేది. రిజిస్టర్‌లో పాత లైను కొట్టేసి, కింద ఎందుకు కొట్టేశానో రాసి, కనిపెట్టింది ఎవరో కూడా రాశాను.

వారం 4

ఒక పరీక్ష గురించే చెప్తాను, చదరంగం ప్లేటు. ఒక వెల్‌లో రంగు కలిపిన సీరం, పక్క వెల్‌లో రంగులేనిది, ప్లేటంతా అలా. ప్రతి శాంపిల్‌కీ కొత్త టిప్పే కాబట్టి ఒకదాని మరక ఇంకొకదానికి అంటదని అనుకున్నాం, కానీ రంగులేని 48 వెల్స్‌లో రెండింట్లో రంగు కనిపించింది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే దొరికింది: టిప్పు బయటి గోడకి ఒక చిన్న బొట్టు వేలాడుతోంది, చెయ్యి వేగంగా మలుపు తిరిగినప్పుడు అది దారిలో ఉన్న వెల్‌లోకి రాలుతోంది. ట్యూబు లోపలి గోడకి టిప్పుని ఒకసారి తాకించి, చివర కొంచెం గాలి పీల్చి, నిండిన వెల్స్ మీదుగా కాకుండా చుట్టూ తిరిగి వెళ్లేలా దారి మార్చాం. తర్వాత చేసిన మూడు చదరంగాల్లో ఒక్క వెల్ కూడా మరకపడలేదు.

ఈ పనిలో డెక్ (మెషిన్ లోపలి బల్ల) మీద ఎక్కడ బొట్టు పడినా 1 శాతం హైపోక్లోరైట్‌తో తుడిచి, వెంటనే నీళ్లతో, ఆ తర్వాత స్పిరిట్‌తో తుడవాలి, లేకపోతే లోహం తినేస్తుంది. వాడిన టిప్పులు పడే డబ్బా శాంపిల్స్ పక్కనే ఉండేది, టిప్పు ఊడిపడేటప్పుడు చిన్న తుంపర లేస్తుంది కాబట్టి దాన్ని దూరం మూలకి జరిపి ఎర్ర సంచి తొడిగాం.

వారం 5

మొదట జరిగిన తప్పు గడి తప్పడమే కదా, దాని సంగతి ఈ వారం. రోబో గడి తప్పదు. కానీ ట్యూబుల్ని ర్యాకులో పెట్టేది మనిషే, ఆ పెట్టడంలో తప్పు జరిగితే రోబో ఆ తప్పునే చాలా శ్రద్ధగా, ఒక్కటి కూడా వదలకుండా పూర్తిచేస్తుంది.

24 గుంతల ర్యాకు కింద ప్రతి గుంతకీ ట్యూబు ఉందో లేదో చూసే ఒక చిన్న ఐఆర్ సెన్సర్, పక్కన ఒక ఎల్‌ఈడీ పెట్టాను. స్కానర్‌తో బార్‌కోడ్ చదవగానే ఏ గుంతలో పెట్టాలో అక్కడ పచ్చ లైటు వెలుగుతుంది. అక్కడే పెడితే సరే. వేరే గుంతలో పెట్టినా, స్కాన్ చెయ్యకుండా పెట్టినా, పెట్టినదాన్ని తీసినా బజర్ మోగుతుంది, ఆ ర్యాకు మొత్తం మళ్ళీ మొదటినుంచి స్కాన్ చెయ్యాలి. మా బార్‌కోడ్‌లు కోడ్ 128 రకం, అందులో చదివింది సరైనదో కాదో సరిచూసే చెక్ అక్షరం ఉంటుంది కాబట్టి సగం చెరిగిన లేబుల్‌ని వేరే నంబరుగా చదివే ప్రమాదం బాగా తక్కువ, చదవలేకపోతే చదవలేనంటుంది. అక్క నాలుగు రోజులు వాడి ఒక మార్పు చెప్పారు. బజర్ శబ్దం సెంట్రిఫ్యూజ్ శబ్దంలో కలిసిపోతోందట, దాంతో పాటు ర్యాకు లైట్లన్నీ ఎర్రగా మారితే బాగుంటుందన్నారు. మార్చాను.

ప్లేటుది ఇంకో గొడవ. స్ట్రిప్పుల ఫ్రేము అటు తిప్పి పెట్టినా పడుతుంది, ఇటు తిప్పి పెట్టినా పడుతుంది. తిప్పి పెడితే మొదటి గడి ఏ1 పోయి చివరి గడి హెచ్12 అవుతుంది, డెబ్బైమంది రిపోర్టులు తలకిందులు. ఒక మూల చెక్కిన అడ్డు కట్టి తప్పువైపు పట్టకుండా చేశాను. రీడర్ దగ్గర కూడా ఇదే ప్రమాదం ఉంది కాబట్టి బ్లాంక్ (శాంపిల్ వెయ్యని వెల్) ఎప్పుడూ ఏ1లోనే, అక్కడ బ్లాంక్ అంకె రాకపోతే సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్‌నే తీసుకోదు.

ఈ ర్యాకు చేస్తున్నప్పుడు జపాన్‌లోని కోచి మెడికల్ స్కూల్ సంగతి చాలాసార్లు గుర్తొచ్చింది. 1980ల తొలి ఏళ్లలో అక్కడ డాక్టర్ మసాహిదె ససాకి గారు తక్కువమంది సిబ్బందితో ల్యాబ్ నడపాల్సి వచ్చి, శాంపిల్స్‌ని మోసే కన్వేయర్ బెల్టులు, రోబో చేతులు సొంతంగా కట్టించుకున్నారు. ఇవాళ పెద్ద ల్యాబుల్లో కోట్ల రూపాయల ట్రాకులన్నిటికీ మొదలు ఆ చోటే. అవసరం ఉన్న ల్యాబ్ తన చేతులతో మొదలుపెట్టిన పని అది, అందుకే నాకు దాని మీద అంత గౌరవం.

వారం 7

ఎథిక్స్ కమిటీ అనుమతితో, పేర్లు తీసేసిన 40 పాత శాంపిల్స్‌ని చేత్తో ఒకసారి, రోబోతో ఒకసారి చేశాం. 39 కలిశాయి. కటాఫ్ 20 యూనిట్లు, దానికి దగ్గర్లో ఉన్నవి కూడా అదే వైపున ఉన్నాయి. ఒకటి మాత్రం చేత్తో 46, రోబోతో 3.

నలభైలో ఒకటే కదా అనిపించలేదు. ఆ ఒక్కటీ ఒక మనిషి. చేతివేళ్లు అప్పుడప్పుడే పట్టేస్తున్న ఎవరో, ఇప్పుడు మందు మొదలుపెడితే కీళ్లు నిలబడేవాళ్లు.

ట్యూబు తెరిచి అక్క పుల్లతో తిప్పితే తెల్లటి దారంలా ఫిబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్) లేచింది. పూర్తిగా గడ్డకట్టకముందే సెంట్రిఫ్యూజ్‌లో వేసిన రక్తం అది. టిప్పు మూతికి ఆ దారం అడ్డుపడింది, పైపెట్ పీల్చింది, ఏమీ రాలేదు, వచ్చిందనుకుని వదిలింది. మనిషి చేతికైతే ప్లంజర్ బరువెక్కడం తెలుస్తుంది, టిప్పు ఖాళీగా కనిపిస్తుంది. పెద్ద ఎనలైజర్లలో పీల్చేటప్పుడు ఒత్తిడిని కొలిచి క్లాట్‌ని (గడ్డని) పట్టుకునే సెన్సర్ ఉంటుంది. మా పైపెట్‌లో అది లేదు.

అంతకంటే భయపెట్టింది వేరే ఉంది. ఆ ప్లేటులో కిట్ కంట్రోల్స్ (పరీక్ష సరిగ్గా నడిచిందో చూడ్డానికి వేసే, ఫలితం ముందే తెలిసిన శాంపిల్స్) రెండూ పాస్. ఎందుకు పాస్ కావు? మా కిట్‌లో క్యాలిబ్రేటర్లు (రంగుని యూనిట్లుగా మార్చడానికి వాడే ద్రవాలు), కంట్రోల్స్ అన్నీ ముందే డైల్యూట్ చేసి వస్తాయి, నేరుగా ప్లేటులో పోసేయడమే. రోబో 10 మైక్రోలీటర్లు తీసే మెట్టు వాటికి తగలనే తగలదు. ఆ మెట్టులో రోబో ఏం చేసినా, అసలేమీ చెయ్యకపోయినా, కంట్రోల్ పాస్ అవుతూనే ఉంటుంది. చేత్తో చేసిన ఇన్నేళ్లూ ఇది అంతే కదా అని మేడం గారు అన్నారు, ఆవిడ గొంతులో బాధ వినిపించింది.

మెషిన్లతో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్కటి చూసుకోండి: మీ కంట్రోల్ ఏయే మెట్ల మీదుగా వెళ్తోందో కాగితం మీద గీయండి, పేషెంట్ శాంపిల్ ఏయే మెట్ల మీదుగా వెళ్తోందో పక్కన గీయండి. ఒకదానిలో ఉండి ఇంకొకదానిలో లేని మెట్టుకి కాపలా లేదు.

వారం 8, 9

రెండు పనులు.

మొదటిది, సొంత కంట్రోల్. మధ్యస్థంగా పాజిటివ్ ఉన్న సీరం పూల్ చేసి చిన్న చిన్న వయల్స్‌లో మైనస్ 20లో పెట్టాం, ఒకసారి కరిగించింది మళ్ళీ గడ్డకట్టించం. ప్రతి ప్లేటులో మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి, పేషెంట్ ట్యూబుల మధ్యనే ర్యాకులో, బార్‌కోడ్‌తో సహా. రోబోకి అది కంట్రోల్ అని తెలియదు. 20 రన్‌లు అయ్యాక సగటు, ఎస్‌డీ (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) కట్టి లెవీ జెన్నింగ్స్ చార్టు (ప్రతి రన్‌లో కంట్రోల్ అంకెని గుర్తించే గ్రాఫ్) మీద వెస్ట్‌గార్డ్ రూల్స్ (ఏ అంకెలకి ఆపాలో చెప్పేవి) పెడతాం: ఒక్కటైనా 3 ఎస్‌డీ దాటితే ప్లేటు ఆగుతుంది, వరుసగా రెండు ఒకే వైపున 2 ఎస్‌డీ దాటినా ఆగుతుంది.

కానీ ఇది కూడా ఏదో ఒక్క ట్యూబులో ఉన్న క్లాట్‌ని పట్టుకోలేదు. ప్రతి శాంపిల్‌నీ విడిగా చూడాలి. మూడు రాత్రులు ఆలోచించి చివరికి మళ్ళీ త్రాసు దగ్గరికే వచ్చాను. డైల్యూషన్ జరిగే డీప్‌వెల్ (లోతైన గడుల) ప్లేటు కింద ఒక మిల్లీగ్రాము పట్టే త్రాసు పెడితే, 10 మైక్రోలీటర్ల సీరం పడగానే ప్లేటు బరువు సుమారు 10.2 మిల్లీగ్రాములు పెరగాలి. పెరగకపోతే ఏమీ పడలేదని అర్థం.

మొదటి ప్రయత్నం పనిచెయ్యలేదు. వెల్స్ నిండా ముందే బఫర్ ఉంది, మూత లేదు, ఆవిరి ఎంత వేగంగా ఉందంటే చెయ్యి వెళ్లి వచ్చేలోపు రెండు మూడు మిల్లీగ్రాములు మాయం. మేం కొలవాల్సిందే పది. అక్కే అడిగారు: "ముందు బఫర్ ఎందుకు పొయ్యాలి? సీరం ముందేసి బఫర్ తర్వాత పోస్తే కాదా?" చేత్తో చేసేటప్పుడు అందరం బఫర్ ముందు పోస్తాం, ఆ అలవాటుని అలాగే ప్రోగ్రాంలోకి ఎక్కించాను, అంతే. పొడి వెల్ అడుగున సీరం వదిలితే ఆవిరి లెక్కలోకి రానంత తక్కువ. అన్ని శాంపిల్స్ పడ్డాక 8 ఛానళ్ల పైపెట్‌తో బఫర్ 250 చొప్పున నాలుగుసార్లు పోసి, పీల్చి వదిలి కలపడం. బాగా కలిసిందో లేదో రంగు సీరంతో చూసుకున్నాం, పైనా కిందా ఒకే అంకె.

చెయ్యి కదిలితే త్రాసు ఊగుతుంది, అందుకని బొట్టు వదిలాక చెయ్యి పక్కకి వెళ్లి నాలుగు సెకన్లు ఆగుతుంది. 8.5కీ 12కీ మధ్య ఉంటే ముందుకి. లేకపోతే అక్కడే ఆగి ఎర్ర లైటు. ఈ త్రాసు మూడు శాతం తరుగుని చూడలేదు, దానికి వారం వారం రంగు పరీక్ష ఉంది. ఇది చూసేది సగం పడిందా, అసలు పడలేదా అన్నదే.

ఇంకొకటి కూడా దీనితో తీరింది. ఇదివరకు ఒక్కో శాంపిల్‌ని నేరుగా ఎలైజా ప్లేటులోకి వేస్తుంటే మొదటి వెల్‌కీ చివరి వెల్‌కీ పన్నెండు నిమిషాల తేడా వచ్చేది, ఇంక్యుబేషన్ (శాంపిల్‌ని ప్లేటులో అలా ఉంచాల్సిన సమయం) 30 నిమిషాలే, అందులో పన్నెండు అంటే చాలా ఎక్కువ. ఇప్పుడు డీప్‌వెల్ నుంచి 8 ఛానళ్లతో 100 మైక్రోలీటర్ల చొప్పున మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టట్లేదు.

వారం 11

పక్కపక్కన నడుపుతున్నాం. రిపోర్టులు ఇంకా చేత్తో చేసిన ప్లేటు నుంచే వెళ్తున్నాయి, రోబోది పోల్చుకోడానికి మాత్రమే. తొమ్మిది రన్‌లు అయ్యాయి, చార్టు గీయడానికి ఇంకా పదకొండు కావాలి. ఎలైజా బెంచీలో రెండేళ్లుగా చేస్తున్న ఒకమ్మాయి "ఇది వచ్చాక నన్ను వేరే చోటికి వేస్తారా" అని అడిగింది. మేడం గారు పిలిచి కూర్చోబెట్టి, సెంట్రిఫ్యూజ్‌కి ముందు ప్రతి ట్యూబు అరగంట నిలిపి గడ్డకట్టిందో లేదో చూసే పని, సొంత కంట్రోల్ చార్టు పని ఆ అమ్మాయికి అప్పజెప్పారు. ఆ రెండూ ఇప్పుడు ఈ ల్యాబ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పనులని నేను నమ్ముతున్నాను, ఆ అమ్మాయితో అదే అన్నాను.

ఇవాళ పొద్దున 17వ శాంపిల్ దగ్గర చెయ్యి ఆగింది. ఎర్ర లైటు. స్క్రీన్ మీద 3 మిల్లీగ్రాములు అని ఉంది.

నేను లేచేలోపే అక్క తలుపు తెరిచి ఆ ట్యూబు తీసుకున్నారు. కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు, పైకి ఏమీ కనిపించలేదు, మామూలు సీరంలాగే ఉంది. పుల్ల పెట్టి రెండుసార్లు మెల్లగా తిప్పి పైకి లాగారు. సన్నటి తెల్ల దారం, చిటికెన వేలంత పొడవు, పుల్లకి చుట్టుకుని వచ్చింది. ఆవిడ దాన్ని నాకు చూపించి, ట్యూబుని మళ్ళీ సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, రిజిస్టర్ తెరిచి టైము రాశారు: 9:42.

రేపటి పని: త్రాసు కింద రబ్బరు పాదాలు మార్చాలి, లిఫ్టు కదిలినప్పుడు అంకె ఊగుతోంది.